నిండుకున్న కుండ, పెద్ద చేసిన పొయ్యి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మరీ మంచిదైపోయి ఒక యూనివర్సిటీ అంటుకోబోయింది. నేను అగ్గిపుల్ల గీయలేదు, కిరసనాయిలు పోయలేదు, ఎవరి మీదా నాకు పగ లేదు. ఒక్క మంచిమాట అన్నాను, అంతే. ఆ మాట ఏమిటో చెప్తాను గానీ, ముందు లేచి వెళ్లి మీ ఇంట్లో గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి రండి. ఎందుకైనా మంచిది.

చూశారా? సరే, వినండి.

ఈ కథకు మూలం మా అత్త. మాది త్రిపురాంతకం పక్కన పల్లె. గొర్రెల మంద, కాస్త మెట్టపొలం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం వంటింట్లోంచి కేకేశాను: "అత్తా, బియ్యం అయిపోయినాయి! దీపం ఆర్పేదా?"

వసారాలో మా అత్త చేతిలోని తమలపాకు అట్లే నిలిచిపోయింది. ఒక్క వాక్యంలో రెండు పాపాలు చేశానట.

"ఏమే వెంగమ్మా, వచ్చీ రాంగానే ఇంట్లో బియ్యం అయిపోవాల్నా? దీపం ఆరిపోవాల్నా? మీ అమ్మ నీకు మాటలు నేర్పలేదా, లేకుంటే మా ఇంటి మీద కక్షతో పంపించిందా?"

"మరి ఏమనాల అత్తా?"

"బియ్యం నిండుకున్నాయనాల. దీపం పెద్ద చేయాల్నా అనో, ఘనం చేయాల్నా అనో అడగాల."

ఖాళీ అయిన డబ్బా నిండుకున్నట్టు, ఆర్పిన దీపం పెద్దదైనట్టు. పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కానీ మా అత్త దీన్ని దీపంతో ఆపలేదు, పొయ్యికి కూడా ఎక్కించింది. మా ఇంట్లో పొయ్యిని ఎవరూ ఆర్పరు, పెద్ద చేస్తారు. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చినా మాట మారలేదు. "ఆర్పు" అన్న మాట ఆ రోజు నుంచి నా నోట రాలేదు. తమలపాకు నమిలినంత కసిగా మా అత్త నన్ను నములుతుంటే మళ్లీ ఎవరంటారండీ?

మా అక్క కూతురు శిరీష మా ఇంట్లోనే ఉండి బడికి వెళ్లింది. మా అత్త చేతి అన్నం, చేతి దెబ్బలు, మాటల నిషేధాలు అన్నీ సమానంగా తిని పెరిగింది. తర్వాత పెద్ద చదువులు చదివి ఒక యూనివర్సిటీలో ఆహారం, పోషణ గురించి పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఉద్యోగమంటే శాశ్వతమైంది కాదు. ఏడాదికోసారి "ఉంచుతాం" అంటేనే ఉన్నట్టు. పాపం, ఎండాకాలం మబ్బును చూసినట్టు ఆ కాగితం కోసం చూస్తుండేది.

ఒకసారి మూడు కాళ్ల కర్ర ఒకటి, దానికి తగిలించే ఫోను ఒకటి పట్టుకొని మా ఇంటికి దిగింది.

"చిన్నమ్మా, నువ్వు కొర్రన్నం వండేది వీడియో తీస్తా. పిల్లోళ్లకు పాఠం."

"కొర్రన్నం పాఠమేందే? తినేదానికి చదవాల్నా?"

"ఇప్పటి పిల్లోళ్లు కొర్రలంటే పిట్టలకేసే గింజలు అనుకుంటున్నారు చిన్నమ్మా. ఇది తెరిచిపెట్టిన పాఠం. తాళం ఉండదు. ఏ కాలేజీవాళ్లయినా ఊరికే తీసుకోవచ్చు, వాళ్ల భాషలోకి మార్చుకోవచ్చు, తప్పులుంటే దిద్దుకోవచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు."

"అంటే చలివేంద్రం మాదిరి."

"అచ్చం అంతే!"

"చలివేంద్రంలో ముంతకు గొలుసు కట్టింటారే, ఎవరూ ఎత్తకపోకుండా. దీనికేం కడతారు?"

శిరీష నవ్వింది. "నీ పేరు కడతాం. ఎవరు వాడుకున్నా, ఎట్ల మార్చుకున్నా, 'ఇది వెంగమ్మ చెప్పింది' అని చెప్పి తీరాల. అదే గొలుసు."

నా పేరు గొలుసై దేశమంతా తిరుగుతుందనేసరికి నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పట్టుచీర తీశాను. కొత్త ముక్కుపుడక పెట్టాను.

"పొయ్యి దగ్గర పట్టుచీరేందే?" అన్నాడు మా ఆయన.

"దేశం చూస్తాది."

"దేశం కొర్రలు చూస్తాది, నిన్ను కాదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అందుకే శిరీష ఫోనును కుండ వైపు తిప్పినప్పుడల్లా, "ఇట్ల తిప్పమ్మే, ముక్కుపుడక పడతాందా?" అని నా మొహం వైపు లాగాను. మూడోసారి లాగాక ఆ పిల్ల విసిగి అట్లే వదిలేసింది. కొర్రలు కడగడం కనపడింది. రాళ్లు గాలించడం కనపడింది. నానబెట్టడం కనపడింది. అసలైన ఆఖరి ఘట్టంలో మాత్రం నిండుగా నేనే ఉన్నాను. పొయ్యీ లేదు, కుండా లేదు. ముక్కుపుడక ధగధగమంటుంటే, గుడిలో పురాణం చెప్పేవాళ్ల గొంతు పెట్టి అన్నాను:

"నీళ్లు నిండుకోగానే పొయ్యి పెద్ద చేసి, మూత తీయకుండా పెట్టేయాల. అదే కొర్రన్నం గుట్టు."

శిరీషకు అది తప్పుగా వినపడలేదు. ఎట్లా వినపడుతుంది? నీళ్లు ఇగిరిపోగానే పొయ్యి కట్టేయాలి అని అర్థమైంది. మా ఇంటి పిల్ల కదా. "బాగా చెప్పినావు చిన్నమ్మా, నీ మాట నీ మాటగానే ఉంచుతా" అని మురిసిపోయి వెళ్లింది. పాలలో ఉప్పుకల్లు పడింది అప్పుడే. పాలూ తెల్లనే, ఉప్పూ తెల్లనే, ఎవరికి కనపడుతుంది?

పాఠం బాగా తిరిగింది. ఎక్కడెక్కడి కాలేజీలవాళ్లో వాడుకున్నారట. "నీ గొలుసు చాలా పొడుగు సాగినాది చిన్నమ్మా" అని శిరీష ఫోను చేసినప్పుడల్లా నేను ఆ మాట వీధి వీధికీ మోశాను. ఇంతలో ఒక రోజు దాని గొంతు వేరేగా వచ్చింది.

"చిన్నమ్మా, యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తాంది. మన పాఠాలు అన్ని కాలేజీలకూ పెట్టాల్నా వద్దా అని చూస్తారు. వాళ్లు బాగుందంటే నన్ను ఉంచుతారు. లేకుంటే..."

"లేకుంటే?"

"లేకుంటే నేను కూడా మీ ఊరొచ్చి గొర్రెలు తోలుకోవాల్సిందే. నువ్వు తప్పకుండా రా. పాఠం చెప్పినామెను చూస్తామన్నారు."

నేను మార్కాపురం బస్సెక్కి, అక్కడ ఇంకో బస్సు మారి, చీర మడత నలగకుండా దారంతా నిలువుగుంజలా కూర్చొని వెళ్లాను. వంటల గది మా ఊరి బడంత ఉంది. వరసగా ఆరు బల్లలు, బల్లకో గ్యాసు పొయ్యి, పొయ్యి మీద స్టీలు దబర. ఎదురుగోడ మీద దుప్పటంత తెర. తెర మీద నేను, నా ముక్కుపుడక. దాని కింద పెద్ద అక్షరాల్లో నా పేరు. కళ్లు చెమర్చాయి. అంతలోనే నా భుజాల మీద శాలువా కప్పి ముందువరస కుర్చీలో కూర్చోబెట్టారు.

కమిటీకి పెద్ద ఒక మేడం. నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చీర, ఇస్త్రీ మడత మొహం. ఆమె బల్లల దగ్గర నిలబడ్డ కాలేజీ పిల్లలతో అంది: "మీలో ఎవరూ ఇంతవరకు కొర్రలు వండలేదు. అందుకే మిమ్మల్ని ఎంచుకున్నాం. తెర మీద ఏముంటే అదే చేయండి. ఎవర్నీ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. పాఠం ఒక్కటే వంట నేర్పగలదా లేదా చూడాలి."

శిరీష నా చెవి దగ్గర వంగింది. "చిన్నమ్మా, నీ కాళ్లకు మొక్కుతా, నోరు తెరవద్దు. నువ్వు మాట్లాడితే పరీక్ష చెడిపోతాది."

"నేనేం మాట్లాడతానే? నేనేమన్నా చిన్నపిల్లనా?"

"గొంతు సరిగ్గా వినపడదని అక్షరాలున్న వీడియో పెడతాండా. వేరే రాష్ట్రంలో ఎవరో కాలేజీ పిల్లోళ్లు మన పాఠం తీసుకొని, కింద శుభ్రమైన తెలుగులో అక్షరాలు వేసి మళ్లా మనకే పంపించినారు. ఎంత ముద్దుగా ఉందో చూడు!"

ఆ అక్షరాలు శిరీష మొదట్లో కాస్త చూసి మురిసిపోయి, మిగతావి చూడలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడేమో తెరకు వీపు పెట్టి, కమిటీ వైపు తిరిగి నవ్వుతూ నిలబడింది.

వంట మొదలైంది. పిల్లలు కొర్రలు కడిగారు. బాగుంది. గాలించారు. బాగుంది. నానాక దబరలో వేసి, కొలత ప్రకారం నీళ్లు పోసి పొయ్యి వెలిగించారు. మహా బాగుంది. నేను శాలువా సర్దుకొని మేడం వైపు చూశాను. మేడం తల ఊపింది. శిరీష మొహంలో వెన్నెల వచ్చింది.

అప్పుడు ఆఖరి ఘట్టం వచ్చింది. తెర మీద నిండుగా నేను. కింద అక్షరాలు. వెంటనే పిల్లలంతా జగ్గులు ఎత్తి దబరల్లోకి నీళ్లు గుమ్మరించడం మొదలుపెట్టారు.

నాకు అర్థం కాలేదు. ఎసరు సరిపోయింది కదా, మళ్లీ నీళ్లెందుకు?

నేను చదివింది అయిదో తరగతి. మార్కాపురం పలక మీద దిద్దిన అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కుంటేగానీ మాటగా మారవు. తెర వైపు కళ్లు చికిలించాను. కుం... డ... కుండ. ని... నిం... నిండా. నీళ్లు. అప్పటికి దబరలు అంచుదాకా నిండాయి. వ... వచ్చాక. మం... మంట. పిల్లల చేతులు పొయ్యి మంట తిప్పే మరల మీదికి వెళ్లాయి. పెం... పెం... చి. మంటలు గుప్పున లేచాయి. మూత. బి... బిగిం... చాలి. ఆరు మూతలు ఠపీమని పడ్డాయి.

"కుండ నిండా నీళ్లు వచ్చాక మంట పెంచి, మూత బిగించాలి. తీయకూడదు, అదే గుట్టు." కింద నా పేరు. గొలుసు.

నీళ్లు నిండుకోవడాన్ని నిండటం చేశారు. పొయ్యి పెద్ద చేయడాన్ని మంట పెంచడం చేశారు. తప్పనడానికి కూడా లేదండీ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేనన్నదే రాశారు!

శిరీష వైపు చూశాను. కళ్లతో సైగ చేశాను. అది నవ్వింది, నేను సంతోషంతో కళ్లార్పుతున్నాననుకుంది. గొంతు సవరించాను. పెదాల మీద వేలు పెట్టింది. మేడం ఏదో రాసుకుంటోంది. ఆ రాసేదాంట్లోనే కదా పిల్ల బతుకుంది! నోరు తెరిస్తే పరీక్ష చెడుతుంది, తెరవకపోతే పాఠం చెడుతుంది.

నిండు కుండ తొణకదంటారు. ఆ సామెత చెప్పినవాడు దాన్ని పొయ్యి మీద పెట్టి ఉండడు. ముందు మొదటి బల్ల మీద మూత టకటకమంది. తర్వాత రెండోది. కాసేపటికి ఆరు మూతలూ భజన మొదలుపెట్టాయి. కొర్రల నురగ అంచులు దాటి బుసబుస పొంగి, బల్లల మీదుగా నేలకు దిగి, మేడం చెప్పుల వైపు నడిచింది.

"మూత తీద్దామా?" అన్నాడొక పిల్లాడు.

"తీయకూడదని ముందే చెప్పారు కదరా, అదే గుట్టంట!" అంది పక్కపిల్ల, మూతను జగ్గుతో ఇంకా అదిమిపట్టి.

ఇంతలో మొదటి బల్ల దగ్గర గంజి పొయ్యి మీద పడి మంట చప్పున పోయింది. మంట పోయింది గానీ మర తెరిచే ఉంది. సన్నగా "స్‌స్‌స్" అని చప్పుడు. గ్యాసు వాసన ముక్కుపుడక దాటి నా ముక్కులోకి వచ్చింది. రెండడుగుల దూరంలో రెండో బల్ల మీద మంట భగభగ మండుతోంది.

ఇక పరీక్ష లేదు, కమిటీ లేదు. శాలువా విసిరేసి లేచాను. గొంతు చించుకొని అరిచాను. ఏమని అరవాలి? ఇన్నేళ్లుగా ఏ మాట నోట్లో ఉందో అదే వచ్చింది.

"పెద్ద చేయండే! పొయ్యి పెద్ద చేయండే తల్లుల్లారా!"

పాఠం చెప్పిన మనిషే లేచి నిలబడి చెప్తుంటే పిల్లలు ఆగుతారా? అందరూ మరలు పట్టుకొని పెద్దమంట వైపు తిప్పారు.

"అయ్యో, పెద్ద చేయండే! తొందరగా!"

"ఇదే ఆఖరు ఆంటీ! ఇంక తిరగట్లేదు!" అని ఏడుపుగొంతుతో అరిచిందొక పిల్ల.

అప్పుడు తిరిగింది శిరీష. బల్లలు చూసింది, తెర చూసింది, నన్ను చూసింది. మొహం సున్నం కొట్టినట్టయింది. హమ్మయ్య, చదువుకున్న పిల్ల, సరైన మాట ఇదైనా చెప్తుందిలే అనుకున్నాను. అది రెండు చేతులూ పైకెత్తి అరిచింది:

"ఘనం చేయండి! అందరూ ఘనం చేయండి!"

ఎంత చదివితే ఏం లాభం? మా అత్త చేతి పెంపకం! పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు మూత ఎత్తి, గిన్నెలో మిగిలిన కొర్రలు కూడా దబరలో పోశాడు, ఘనంగా ఉంటుందని.

వాసన పెరిగింది. మేడం కుర్చీలోంచి లేచింది. నా గొంతులో ఆ మాట అడ్డం పడి ఉంది, చేపముల్లులాగా. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే మా అత్త మొహం కనపడుతోంది. దేవుడా, ఇల్లు చల్లగా చూడు, అనుకొని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"ఆర్పండి! అన్నీ ఆర్పండి! ఆర్పండి, ఆర్పండి, ఆర్పండి!"

ఇన్నేళ్ల బాకీ ఒక్కసారే తీరింది. మరలన్నీ టపటప మూతపడ్డాయి. ఎవరో సిలిండర్లు కట్టేశారు, ఎవరో కిటికీలు తెరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు. గదిలో వినపడిందల్లా బల్లల మీంచి గంజి నేల మీద చుక్కచుక్కగా పడే చప్పుడే.

మేడం చెప్పులు కొర్రగంజిలో మునిగి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది.

"మొదట మీరు అన్నదేమిటి?"

చెప్పాను. నిండుకోవడం, పెద్ద చేయడం, మా అత్త, తమలపాకు, అన్నీ చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. శిరీష తల వంచుకొని నిలబడింది. దాని కళ్లలో నీళ్లు నిండాయి. ఇది మామూలు నిండటమే.

"శిరీషా, ఇది అచ్చుపుస్తకంలో పడి ఉంటే ఏం చేసేదానివి?" అంది మేడం.

"ఏం చేయలేం మేడం. మళ్లీ అచ్చేసేదాకా తప్పు తప్పుగానే ఉండేది."

"మరి ఇది?"

నాకు ఉండబట్టలేదు. "ఇది పలక కదమ్మా! తడిగుడ్డ పెట్టి తుడిచి మళ్లా రాసుకోవచ్చునంట. తప్పు నాది, పిల్లది కాదు. నేనే తుడుస్తా."

"అయితే తుడవండి," అంది మేడం. "ఇక్కడే, ఇప్పుడే, నా ముందు."

గది కడిగారు. గాలి ఆడనిచ్చారు. శిరీష ఫోను నిలబెట్టింది, ఈసారి కుండ వైపు. నేను ముక్కుపుడక మాట ఎత్తలేదు. అందరూ చూస్తుండగా కొర్రలు ఎసట్లో వేశాను. నీళ్లు ఇగిరాయి. ఇప్పుడు చెప్పాలి. మంటలప్పుడు కళ్లు మూసుకొని అరవడం సులువు. నింపాదిగా, కళ్లు తెరుచుకొని, ఆ మాట అనడం ఉందే, అది కోడలి జన్మెత్తినవాళ్లకే తెలుస్తుంది. నా నోరు రెండుసార్లు తెరుచుకొని మూసుకుంది. శిరీష కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

"నీళ్లు అయిపోగానే," అన్నాను, "పొయ్యి... ఆర్పండి."

పిల్లలు మళ్లీ వండారు, దాన్ని చూసే. అన్నం పూలరేకుల్లా విడివిడిగా వచ్చింది. మేడం ఒక ముద్ద తిని, రెండోది అడిగింది. "తప్పు పడితే పడినచోటే దిద్దుకునే పాఠం కావాలి నాకు. దిద్దింది చూశాను," అని లేచింది. "మొదటి వీడియో తీసేయకండి. అక్షరాలు వేసే పిల్లలకు అది వేరే పాఠం." గుమ్మం దాటాక మాత్రం, "ఘనం చేయండట!" అని పక్కామెతో అంటూ పడీపడీ నవ్వడం మాకు వినపడింది. శిరీష ఉద్యోగం నిలబడింది. నేను విసిరేసిన శాలువా ఏరుకొని బస్సు దారి పట్టాను.

ఇంటికొచ్చాక కథ అయిపోయిందనుకున్నాను. మా ఆయన ఉన్నాడే, వసారాలో కూర్చొని కొత్త వీడియో గట్టిగా పెట్టాడు. "పొయ్యి ఆర్పండి" అని నా గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. మా అత్త తమలపాకు అట్లే నిలిచిపోయింది.

"ఏమే వెంగమ్మా! మన పొయ్యి చాలదని దేశంలో పొయ్యిలన్నీ ఆర్పమంటివా?"

తప్పించుకునేందుకు, నాకు తెలిసిన చదువంతా ప్రయోగించాను. "అది తెరిచిపెట్టిన పాఠం అత్తా. నచ్చకుంటే ఎవరైనా తీసుకొని మార్చుకోవచ్చు. ఎవరూ వద్దనరు."

"ఎవరైనానా?"

"ఎవరైనా."

"నేను గూడానా?"

నోరు జారింది మళ్లీ. "నువ్వు గూడా."

ఆమె తమలపాకు పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. "ఒరే నాయనా, ఆ ఫోను ఇట్ల తిప్పు," అని కొడుకుతో చెప్పి, గొంతు సవరించుకొని మొదలుపెట్టింది: "వినండి బిడ్డలారా, నా కోడలు తప్పు చెప్పినాది. నీళ్లు నిండుకోగానే పొయ్యి పెద్ద చేయండి!"

మా ఆయన దాన్ని తీసింది తీసినట్టే ఆ పాఠంలోకి ఎక్కించేశాడు కూడా. కాసేపటికి శిరీష ఫోను. "చిన్నమ్మా! ఎవరు పెట్టినారిది? ముప్పైమంది పిల్లోళ్లు దాన్నే చూస్తా పొయ్యిల ముందరుండారు!"

"ఆర్పమని చెప్పమ్మే!" అని అరిచాను, మా అత్త ఎదుటే.

ఆ తర్వాత నాకు కొన్నాళ్లు ఆ ఇంట్లో ఏం దొరికిందో, ఏం నిండుకుందో మీరే ఊహించుకోండి. అందుకే మార్కాపురం చెన్నకేశవుడి మీద ఆన పెట్టి చెప్తున్నాను: పొయ్యి ముందు మంచిమాట, మా అత్త ముందు నిజమైన మాట, బతికున్నంతకాలం ఈ నోట రానివ్వను. ఈ రెండూ పోతే మాట్లాడటానికి ఇంకేం మిగులుతుందంటారా?

అదే చెప్తున్నాను. నా దగ్గర మాటలు నిండుకున్నాయి.